నోటికి కొలబద్ద

ఆదివారం సాయంత్రం. అద్దె ఇంటి ముందుగది. బల్లకి అటు మామగారు, ఇటు అల్లుడు. వంటింటి గుమ్మంలో, చెవి దగ్గర ఫోనుతో అమ్మాయి.

"...అందుకే అంటున్నాను మామయ్యగారూ, అంతా మీ చలవే. పరాయి భాషలోంచి మీరు తెలుగులోకి తెచ్చిన ప్రశ్నలు మనవాళ్ళ మీద ఇంత బాగా పనిచేయడం మా సంస్థలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు."

"నా చలవేముంది బాబూ. పత్రికలో ప్రూఫులు దిద్దుకుంటూ బతికినవాణ్ణి. అచ్చుతప్పులు పట్టుకోవడమే తప్ప, అచ్చమైన తప్పులు చేసే అవకాశం నాకు ఎవరూ ఇవ్వలేదు."

"కాస్త మెల్లగా. మీ గొంతు వీధి చివరిదాకా వినపడుతుంది."

"గొంతు పెద్దదైతే ఏం, ఇల్లు చిన్నది. తప్పు ఇంటిది."

"ఈ ఒక్క సాయంత్రానికి ఆ శ్లేషలు పక్కన పెట్టి వినండి. రేపు పొద్దున్న మా పెద్ద డాక్టరుగారు ఈ రిపోర్టు మీద సంతకం పెడితే మన ప్రశ్నావళి ఖాయం. అది ఖాయమైతే నా ఉద్యోగం ఖాయం. ఏమోయ్, ఆయనకి ఫోన్ కలపమన్నాను, కలిపావా?"

"రింగవుతోందండీ."

"ఎత్తగానే చెప్పు. ఈ వార్త నా నోటితోనే వినాలి ఆయన."

"ఇంతకీ దేన్ని కొలిచారు బాబూ? నేను వాక్యాలు రాసిచ్చానే గానీ, వాటితో మీరేం చేస్తారో అడగలేదు."

"మనుషుల తిండి తీరు. ఎంత తింటారని కాదు. ఎందుకు తింటారు, ఎప్పుడు ఆపుతారు, మనసు బాగోకపోతే ఎక్కువ లాగిస్తారా, ఎవరైనా పెడితే కాదనగలరా, ఇలాంటివి. మీ అమ్మాయి పనిచేసే సబ్బుల ఫ్యాక్టరీలోనే అందరి చేతా నింపించాం."

"బాగుంది. తిండి వాళ్ళది, తిప్పలు మీవి."

"ఇదిగో, ఫలితాలు. ఒక ప్రశ్నకి ఒకలా జవాబిచ్చిన మనిషి దానిలాంటి ఇంకో ప్రశ్నకి కూడా అలాగే ఇవ్వాలి. అప్పుడే ప్రశ్నావళి నిఖార్సైనదని లెక్క. దాన్ని విశ్వసనీయత అంటాం. మనకెంతొచ్చిందో తెలుసా? వందకి తొంభై ఏడు."

"ఆ మాట నడిమధ్యలో 'సనీ' ఉంది, గమనించారా? కాస్త నాలుక మందమైనవాడు పలికితే శనే."

"మామయ్యగారూ."

"సరే, సరే. చదవండి."

"మొదటిది. 'నేను నోరు అదుపులో పెట్టుకుంటాను.' దాదాపు అందరూ 'ఎప్పుడూ' అనే గడిలోనే టిక్కు పెట్టారు. ఇంత ఆహార నియంత్రణ ఏ దేశంలోనూ రాలేదట."

"ఆ వాక్యం నాదే కదా. మీ సంస్థవాళ్ళు పంపిన నమూనాలో ఏముంది? 'ఆహార స్వీయ నియంత్రణను పాటించెదను.' అది చదివితే చాలు, ఉన్న ఆకలి కూడా చచ్చిపోతుంది. నేను కొట్టేసి 'నోరు అదుపు' అన్నాను. జనం నోట్లోంచి తీసిన మాట."

"పెద్ద డాక్టరుగారు కూడా అదే మెచ్చుకున్నారు. రెండోది. 'ఎవరేం పెట్టినా మారు మాట్లాడకుండా తింటాను.' దీనికీ ఎప్పుడూ. మూడోది. 'కోపం వస్తే దిగమింగుతాను.' దీనికీ అంతే."

"మూలంలో 'కోపం వస్తే ఎక్కువ తింటాను' అని చప్పగా ఉంది. 'దిగమింగుతాను' అన్నాను. మాటకి కాస్త ఉప్పూ కారం ఉండాలి."

"ఏవండీ, ఫోన్..."

"తెలుసులేవోయ్. ఆదివారం ఆయన ఓ పట్టాన ఎత్తరు. అలా చెవి దగ్గర పెట్టుకుని ఉండు, మేం మాట్లాడుకుంటున్నాం. ఇంకో విశేషం వినండి మామయ్యగారూ. నోటి అదుపులో అందరికన్నా పైన ఎవరున్నారో తెలుసా? ఫ్యాక్టరీ టైమ్ కీపరు."

"టైమ్ కీపరా? వాళ్ళ వార్షికోత్సవానికి అమ్మాయి తీసుకెళితే చూశాను ఆ మహానుభావుణ్ణి. కుర్చీ చాలక బెంచీ మీద కూర్చున్నాడు. తన కేకు తిని, పక్కాయన కేకు తిని, నా కేకు వైపు ఆప్యాయంగా చూశాడు. ఆయనకి నోటి అదుపా?"

"లావు వేరు, నియంత్రణ వేరు. లావుగా ఉన్నవాళ్ళే ఎక్కువ నియంత్రించుకుంటారని మా శాస్త్రంలో..."

"మీ శాస్త్రం ఆయన పక్కన కూర్చుని కేకు తిన్నట్టు లేదు. అమ్మలూ, నువ్వు చెప్పు. ఆయన నోరు అదుపులో పెట్టుకుంటాడా?"

"పెట్టుకుంటాడు నాన్నా. మేనేజరు ముందు ఒక్క మాట మాట్లాడడు."

"మాట?"

"మాటే. ఆయనొక్కడేంటి, మేమంతా అంతే. ఆ కాగితాలు పంచినప్పుడు సూపర్‌వైజరు పక్కనే నిలబడి చూస్తున్నాడు. 'నోరు అదుపులో పెట్టుకుంటారా' అని అడిగితే, 'ఎప్పుడూ' అనక ఏమంటాం?"

"అంటే, తినే నోరు అనుకోలేదన్నమాట మీరెవరూ."

"ఉన్నది ఒక్క నోరే కదా నాన్నా. తినడానికి తెరిచేది కాసేపు. మూసుకునేది షిఫ్టంతా."

"ఆగు ఆగు. మరి 'ఎవరేం పెట్టినా మారు మాట్లాడకుండా తింటాను' అంటే?"

"చీవాట్లు."

"అయ్యో."

"పొద్దున్నది సూపర్‌వైజరు పెడతాడు, మధ్యాహ్నానిది మేనేజరు పెడతాడు. మా ప్యాకింగు వాళ్ళకైతే రెండు పూటలా కడుపు నిండా. మారు మాట్లాడితే మళ్ళీ వడ్డిస్తారు."

"కోపం వస్తే దిగమింగడం..."

"కోపాన్నే నాన్నా. ఇంకేం మింగుతాం, సబ్బా?"

"అల్లుడుగారూ, అల్లాడకండి. మీ కొలబద్ద భేషుగ్గా పనిచేసింది. కాకపోతే తిండిని కొలవలేదు, భయాన్ని కొలిచింది. తొంభై ఏడు ఎందుకు రాదు మరి? భయపడ్డవాడు ఏ ప్రశ్నకైనా ఒకే జవాబిస్తాడు."

"మామయ్యగారూ, ఒకరిద్దరు పొరపాటు పడి ఉండొచ్చు. అంతమాత్రాన..."

"ఒకరిద్దరేంటండీ, మరి మా రేడియో సంగతి?"

"రేడియో ఎవరమ్మా?"

"నా పక్క బల్ల మీద సబ్బులు చుట్టే ఆవిడ నాన్నా. ఏ విషయమూ కడుపులో దాచుకోలేదని అందరం అలా పిలుస్తాం. నువ్వు రాసిన వాటిలో 'లోపలున్నదంతా కక్కేస్తాను' అని ఒకటుంది చూడు. దానికి 'ఎప్పుడూ' అని పెట్టిన మనిషి ఫ్యాక్టరీ మొత్తానికి ఆవిడొక్కతే."

"నిజం చెప్పినందుకు బహుమానం ఇచ్చారా?"

"పొట్ట పరీక్షకి పంపారు."

"అది నిబంధన మామయ్యగారూ. తిన్నది కక్కుకోవడం జబ్బు లక్షణం. అలా రాసినవాళ్ళని వెంటనే పంపాలి."

"గొట్టం వేసి చూశారు నాన్నా. ఏమీ దొరకలేదు."

"ఎలా దొరుకుతుందమ్మా? లోపలున్నదంతా అప్పటికే మీకు చెప్పేసి ఉంటుంది."

"ఇది నవ్వే విషయం కాదు."

"మరి ఏడిచే విషయమా బాబూ? అది తేల్చుకుందాం. నా అనువాదాన్ని ఇంకొకరి చేత మళ్ళీ ఆ పరాయి భాషలోకి మార్పించి, మూలంతో పోల్చి చూస్తామన్నారే. వాళ్ళ కంట పడలేదా ఇదంతా?"

"పడలేదు. రెండూ అక్షరం పొల్లుపోకుండా సరిపోయాయి."

"ఎవరు చేశారు ఆ తిరుగు అనువాదం?"

"ఒకాయన చేశారు."

"ఎవరాయన?"

"రెండు భాషలూ బాగా వచ్చినాయనే."

"అదే, ఎవరని?"

"...నేనే."

"మూలం పక్కన పెట్టుకునా?"

"పక్కన పెట్టుకోలేదు. కాస్త గుర్తుంది, అంతే. మనిషిని వెతకడానికి టైము లేక..."

"తిరుగు అనువాదమంటే బయట తిరిగి రావాలి బాబూ. మీది గడప దాటలేదు."

"నాన్నా, అసలు సంగతి అడుగు. దీని మీదే మా సాయంత్రం పలహారం ఆపేస్తున్నారు."

"పలహారం ఆపడమేంటి?"

"ఆపడం అనకూడదు. సిఫార్సు. సిబ్బందికి ఆహార నియంత్రణ పుష్కలంగా ఉంది, పైగా కోపానికి తింటున్నారు, పెట్టింది వద్దనలేకపోతున్నారు, కాబట్టి ఇంకా పెట్టడం వాళ్ళ ఆరోగ్యానికే మంచిది కాదని రాశాం. సంతకం పడగానే అమలు చేస్తామన్నారు మేనేజరుగారు."

"ఎందుకనరు? ఆయన ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న మందుకి మీరు చీటీ రాసిచ్చారు."

"ఒక బన్ను, కాసింత టీ నాన్నా. రెండో షిఫ్టు పడినప్పుడు ఇల్లు చేరేదాకా మాకున్నది అదే. మధ్యాహ్నం తిని వెళితే మళ్ళీ తినేది ఇంటికొచ్చాకే. రేడియో అయితే సగం బన్ను కొంగున కట్టి పిల్లకి పట్టుకెళుతుంది."

"బాబూ, ఆ కాగితాలు ఇటివ్వండి. నోరు తీసేసి తిండి అని పెడదాం. చీవాట్లకి అవకాశం లేకుండా మళ్ళీ రాస్తాను. మళ్ళీ నింపించండి. ఈసారి సూపర్‌వైజర్ని గది బయట నిలబెట్టండి. పలహారం పోతే పరిహారం ఎవరిస్తారు?"

"మళ్ళీనా? ఇంకో ఏడాది పడుతుంది. అప్పటికి నేను ఈ ఉద్యోగంలో ఉంటానా? ఇంకోటి ఆలోచించండి. రిపోర్టు మొదటి పేజీలో అనువాదకుడిగా మీ పేరుంది. ప్రశ్నావళి తప్పంటే, తప్పు మీదవుతుంది."

"నాదా?"

"మరి నాదా? 'నోరు' నేను రాశానా?"

"నేను రాసింది మంచి వాక్యం. వాక్యంలో ఏ లోపమూ లేదు. కావాలంటే ఎవరికైనా చూపించండి. లోపం... లోపం చదివినవాళ్ళలో ఉంది."

"నాన్నా."

"ఉండమ్మా. పేరుతో అచ్చేశారా? పెద్ద అక్షరాలా?"

"మొదటి పేజీలో, నల్లటి అక్షరాల్లో. ఇన్నాళ్ళూ మీరు ఇతరుల పేర్లు దిద్దారు. ఇది మీ పేరు."

"ఊఁ."

"కాబట్టి మనిద్దరికీ ఒకటే దారి. రేపు సంతకం పడేదాకా ఈ సంగతి ఈ గది దాటకూడదు. పెద్ద డాక్టరుగారు లోపల పేజీలు చదవరు. ఎప్పుడూ చదవలేదు. చివర అంకె ఎంతుందో చూస్తారు, సంతకం పెడతారు. ఆ తొంభై ఏడు చూస్తే చాలు, ఆయనకి కడుపు నిండిపోతుంది."

"అంత పెద్దమనిషి చదవకుండానా?"

"ఆయన పెద్దమనిషి అయిందే చదవకుండా. మన భాష చదవడం కూడా ఆయనకి అంతంతమాత్రం. మెచ్చుకున్నారన్నాను చూడండి, మెచ్చుకున్నది నేను చదివి వినిపిస్తే."

"ఏవండీ, ఫోన్..."

"ఎత్తకపోతే పెట్టెయ్."

"అది కాదండీ, ఆయన..."

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఏంటి నీ గోల? చెప్పానా, తర్వాత చూద్దాం. మామయ్యగారూ, మీకు దండం పెడతాను. మీ గొంతు సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. రేపు మధ్యాహ్నం దాకా కాస్త నోరు అదుపులో పెట్టుకోండి."

"ఏమీ తినకుండానా బాబూ?"

"తినడం గురించి ఎవరన్నారు? నేనన్నది..."

"ఊఁ. మీరన్నది?"

"...మాట గురించి."

"అమ్మలూ, మీ ఆయన జవాబు కూడా ఆ లెక్కలో వేయించమ్మా. ఒక్క సూపర్‌వైజరు కూడా లేకుండా ఇచ్చిన జవాబు. ఇంత విశ్వసనీయమైనది ఆ రిపోర్టులో ఇంకోటి లేదు."

"ఎగతాళి చాలించండి. ఏమోయ్, నీక్కూడా చెబుతున్నాను. మీ రేడియో చెవిన పడిందంటే ఫ్యాక్టరీ అంతా మోగుతుంది. అయినా నీ గురించి నాకు బెంగ లేదులే. నీ కాగితం చూశాను. మొదటి ప్రశ్నకి 'ఎప్పుడూ' అని పెట్టావు. ఒళ్ళు తగ్గాలనుకుంటున్నావు కాబోలని సంతోషించాను కూడా."

"నేను ఫ్యాక్టరీని తలుచుకుని పెట్టలేదండీ ఆ టిక్కు."

"మరి?"

"ఇంటిని తలుచుకుని పెట్టాను."

"...ఏంటా మాట? ఈ ఇంట్లో నిన్ను మాట్లాడొద్దని ఎవరన్నారు? ఇందాకటి నుంచి ఫోన్, ఫోన్ అని నసుగుతూనే ఉన్నావుగా. ఏదో చెప్పు మరి, చెప్పేదేదో. ఎత్తలేదా ఆయన?"

"నేను మొదటిసారి 'ఏవండీ' అన్నప్పుడే ఎత్తారండీ. ఒక్క నిమిషం ఆగండి సార్ అన్నాను. పాపం, అప్పట్నుంచీ ఆయన కూడా నోరు అదుపులో పెట్టుకునే వింటున్నారు."