పోతమ్మ ముక్కు

వన్ టౌన్‌లో ఉల్లిపాయల టోకు కొట్టు మీద, రెండో అంతస్తులో, టీ పొడి ప్రకటనకి నటుల్ని ఎంచుతున్నారు. తమ వంతు అయిపోయాక దాలయ్యా, అతని భార్య సీతాలూ మెట్ల మీదకి వచ్చి, నాలుగు మెట్ల ఎడంతో, ముక్కూ మొహం తెలియనివాళ్ళలా కూర్చున్నారు.

“నా వేపు సూడకు. గోడ వేపు సూసి మాటాడు.”

“గోడతో మాటాడితే పిచ్చిదనుకోరేటి బావా?”

“బావా అనకన్నానా! ఇక్కడ నాను నీకు ఎవుణ్ణీ కాను. ఆడిషన్‌కి తోడు మనుషుల్ని తేకూడదని మెసేజీలోనే రాసేడు. మొగుడూ పెళ్ళాలమని తెలిసిందా, ఇద్దరి పేర్లూ కొట్టీసి ఇంటికి పంపీగలడు.”

“నాను తోడు రానేదు. పూర్ణా మార్కెట్‌కి వచ్చేను. దార్లో నువ్వున్నావు.”

“దార్లో ఉన్నోణ్ణి దార్లో వదిలీయాల. లోపలికెందుకొచ్చేవు?”

“ఆ కళ్ళజోడు సారు లిస్టట్టుకొచ్చి, ‘అమ్మా, భార్య పాత్రకి వచ్చారా?’ అన్నాడు. ఎస్ సార్ అన్నాను. పదిహేడో నంబరు సీటీ సేతిలో ఎట్టీసేడు.”

“ఎస్ సార్ ఎందుకన్నావు?”

“పొద్దున్న ఇడ్లీ తింటా నువ్వేటి సెప్పేవు? ఆడిషన్ కాడ ఎవరేటి అడిగినా నేదు, కాదు అనకూడదు, ఎస్ సార్ అనాల, అని.”

“అది నాకు నాను సెప్పుకున్నాను!”

“నాకెదురుగా కూకుని సెప్తే నాకనుకోనా?”

“నీకు తెల్దు సీతా. ఇది పోయిందంటే సోమారం నుంచి నాకు పరవాడే.”

“పరవాడకేటి? మా నాన్న ఎంతమంది గడ్డాలట్టుకుని ఆ మందుల కంపెనీలో నీకు పని సూసేడు.”

“ప్యాకింగ్ సెక్షను! తలకి టోపీ, మూతికి మాస్కు, కళ్ళకి అద్దాలు. ఎనిమిది గంటలు అలగే ఉండాల. ఈ మొకం పక్కనోడికి కూడా కనపడదు. టోపీ ఎట్టుకోడానికా ఇన్నాళ్ళు అద్దం ముందర ఏడిసేను?”

“ఇరవై మూడు ఆడిషన్లు బావా. ఇదే ఆఖరని నా నెత్తి మీద సెయ్యేసి ఒట్టేసేవు.”

“ఏసేను. కాదన్నానా? అందుకే కదా ఇంకా ఈ మెట్లు దిగకుండా ఉన్నాను.”

“సరే, దిగకు.”

“జోడీలు కట్టినప్పుడు పదారుకి పదిహేడు అనీసి నీకూ నాకూ ముడెట్టేడా… నాను లోపల ఎగిరి గంతేసేను. దేవుడు ఇన్నాళ్ళకి కళ్ళు తెరిసేడు, కట్టుకున్న పెళ్ళాన్నే పెళ్ళాంగా ఇచ్చేడు, ఇంక తిరుగునేదనుకున్నాను.”

“నానూ అలగే అనుకున్నాను.”

“ఆ డైరెక్టరేటన్నాడు?”

“మళ్ళీ నా నోటితో అనిపిత్తావేటి?”

“అను.”

“‘మీరిద్దరూ భార్యాభర్తల్లా లేరండీ’ అన్నాడు.”

“నాలుగేళ్ళ కాపరం!”

“‘కాంప్లెక్సు బస్టాండులో టీ అమ్మేవాళ్ళూ తాగేవాళ్ళూ లాగున్నారు’ అన్నాడు.”

“నువ్వు కప్పు అలగిచ్చేవు మరి. ఎటో సూసుకుంటా.”

“ఇంట్లో నువ్వెలగ తీసుకుంటావు? సెల్లు సూసుకుంటా సెయ్యి సాపుతావు, నాను అందులో కప్పెడతాను. నువ్వెప్పుడైనా తలెత్తి నా మొకం సూసేవా, నాను నీ మొకం సూడ్డానికి?”

“అది ఖాళీ కప్పు సీతా! ఖాళీ కప్పులో టీ ఉన్నట్టు తాగాల. అదే యాక్టింగు.”

“తాగి ఏటన్నావు?”

“ఏదో అన్నాన్లే.”

“‘పంచదార సాల్నేదు’ అన్నావు! ఖాళీ కప్పు తాగి! టీ పొడి కంపెనీవోళ్ళు ఎదురుగా కుర్సీలేసుకుని కూకుంటే!”

“అలవాటులో వచ్చీసింది.”

“నాలుగేళ్ళుగా అదే మాట. కంపెనీవోళ్ళకీ తప్పనేదు.”

“నన్నంటావు గానీ… తరవాత జోడీలు మార్చేడా? ఆ ఎలమంచిలి ప్లాట్ల బ్రోకరు, సాయిశంకరో ఎవడో. ఆడికి కప్పిచ్చినప్పుడు నవ్వేవు.”

“నవ్వమన్నాడు డైరెక్టరు.”

“నాకు ఇచ్చినప్పుడూ నవ్వమన్నాడు. అప్పుడు పళ్ళు నొప్పులా? ఆ నవ్వు నానెప్పుడూ సూణ్ణేదు సీతా. నాలుగేళ్ళలో ఒక్కసారీ సూణ్ణేదు. ఎక్కడ దాసేవు దాన్ని?”

“ఆయన లోపలికొస్తా ఏటన్నాడో ఇన్నావా?”

“ఏదో సొంత డైలాగు కొట్టేడు. పెద్ద యాక్టరు మరి!”

“‘పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు, ముందు కూర్చో’ అన్నాడు. అంతే. నవ్వొచ్చీసింది. ఆపుకుందారన్నా ఆగనేదు.”

“అంతేనా?”

“అంతే. ఆ ముక్క నీకెవడైనా రాసిచ్చుంటే ఎంత బాగుణ్ణు.”

“సీతా…”

“నువ్వు మాత్రం తక్కువా? కుసుమకుమారికి?”

“కుసుమకుమారెవరు?”

“ఎవరా? పద్దెనిమిదో నంబరు. నీ రెండో పెళ్ళాం. ఆవిడ కప్పు అందిత్తే నువ్వు తాగకుండా ఉఫ్ ఉఫ్ అని ఊది, తిరిగి ఆవిడికే ఇచ్చి, ‘జాగర్త, నాలిక కాలీగలదు’ అన్నావు! ఖాళీ కప్పు బావా! మొన్న వడలేత్తంటే నూనె పడి నా సెయ్యి కాలితే, ‘పేస్టు రాసీ’ అనీసి అటు తిరిగి పడుకున్నావు.”

“అది… దాన్ని ప్రొఫెషనల్‌గా ఉండటం అంటారు.”

“ఆ మాట మాత్రం ఎత్తకు. నీ రూల్సు నువ్వొక్కటైనా పాటించేవా? వంతు కోసం కూకున్నప్పుడు నోరు మూసుకోవాలన్నావు. పన్నెండు మందిని సుట్టూ ఏసుకుని గంటసేపు పాఠం సెప్పేవు. ఎలా సేసేమని అడక్కూడదన్నావు. తలుపు కాడ మూడుసార్లు ఎనక్కి తిరిగి, ‘ఎలగుంది సార్, ఎలగుంది సార్’. పేరు సెప్పి ఎడం పక్కకీ కుడి పక్కకీ తిరిగి మొకం సూపించమంటే…”

“సూపించేనా, నేదా?”

“ఒక పక్కే! ‘కుడేపు ముక్కు బాగోదు సార్, అటు తిరగమనకండి’ అన్నావు. ఏ యాక్టరైనా కెమెరాకి ఆ సంగతి సెప్పుకుంటాడా?”

“అబద్ధమా? పోతమ్మ మామ్మ ముక్కు ఇది. మా అమ్మ నుంచి నాకొచ్చింది, మావయ్య నుంచి నీకొచ్చింది. మేనరికం సేసుకున్నానా, ఇంక ఇంట్లో ఎటు సూసినా ఇదే ముక్కు.”

“నా ముక్కు జోలికి రాకు. నాను రెండేపులా తిరిగేను.”

“ఒక మాట సెప్పనా? నవ్వకూడదు.”

“సెప్పు.”

“డైరెక్టరు నీ కళ్ళల్లోకి సూడమన్నాడు కదా. సూసేను. సూత్తే… నాకు సిగ్గేసీసింది. ఎవరిదో మొకంలాగుంది. ఇంత బాగున్నాది, ఇన్నాళ్ళూ నానేటి సూత్తన్నాను అనిపించింది. డైలాగు మర్సిపోయేను. అందుకే పంచదార.”

“నిజంగా?”

“మామ్మ మీదొట్టు.”

“ఆ మాట లోపలనాల్సింది. వేషం వచ్చీసేది.”

“ఉస్స్! ఎవరో దిగతన్నారు. లెగు, లెగు. అటు నిలబడు. ఇంకా దూరం!”

“హమ్మయ్య, ఇద్దరూ ఇక్కడే ఉన్నారా. పదహారు దాలయ్య గారు, పదిహేడు సీతాలు గారు. నేను ఉమామహేష్‌ని, పొద్దున నంబర్లిచ్చాను.”

“ఎస్ సార్!”

“ఎస్ సార్.”

“మీకు ముందే పరిచయమా?”

“అబ్బే, నేదు సార్! ఎవరో ఈవిడ.”

“ఈ మెట్ల మీదే సార్. ఇప్పుడే.”

“ఇప్పుడే పరిచయమై అంత గొడవా? కింద ఉల్లిపాయల లారీ రొదలో మాటలు తెలీలేదు గానీ, మీ దెప్పుకోవడాలు పైదాకా వినపడుతున్నాయి.”

“రిహార్సలు సార్.”

“మంచిది. ఇక విషయానికొస్తాను. భార్యాభర్తలుగా మీరిద్దరూ పనికిరారు. ఆ పాత్రలకి సాయిశంకర్ గారినీ, కుసుమకుమారి గారినీ ఖాయం చేశాం.”

“సార్, ఆ పంచదార మాట నోరు జారి…”

“ఆగండి. ఇదే కంపెనీకి ఇంకో ప్రకటన ఉంది, రాఖీ పండక్కి. చెల్లెలు రాఖీ కట్టి అన్నయ్యకి టీ ఇస్తుంది. మీ ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ఏం ముక్కండీ! అచ్చు గుద్దినట్టు ఒకటే ముక్కు. ఒక్క తల్లి బిడ్డలక్కూడా అలా కుదరదు. కంపెనీవాళ్ళు ఇంకెవర్నీ చూడక్కర్లేదన్నారు.”

“అన్నా…”

“అవును. అన్నాచెల్లెళ్ళు.”

“ఓలమ్మో.”

“ఏమ్మా?”

“ఏటీ నేదు సార్.”

“టీవీలో వస్తుంది. బీచ్ రోడ్డులో పెద్ద హోర్డింగు కూడా. మీ మొహాలు చేపల రేవు దాకా కనపడతాయి.”

“హోర్డింగా సార్? నా మొకం? అంత దూరం?”

“మా పేటోళ్ళందరూ సూత్తారు సార్.”

“చూడాలనే కదమ్మా పెట్టేది! ఏం, ఇబ్బందా? ఇబ్బందైతే ఇప్పుడే చెప్పేయండి, ఇంకో జత ముక్కులు వెతుక్కుంటాను.”

“సార్, ఒక్క నిమిషం. నాను… ఈవిణ్ణి ఒక మాట అడగాల.”

“తెలీని ఆవిణ్ణి ఏమడుగుతారండీ?”

“మర్యాద కదా సార్. ఏవండీ… పదిహేడో నంబరు గారూ…”

“సెప్పండి.”

“నా గురించి సూడకండి. నాకు మా మావయ్య పరవాడలో పని సూసేడు. మంచి పనే. టోపీ అదీ ఇత్తారు. మీ పేటలో మీరు తల దించుకునే పనైతే వద్దని సెప్పీండి, నానేటీ అనుకోను. ఒట్టేసి సెప్తన్నాను.”

“మా పేటోళ్ళేటంటారో…”

“ఆలోసించుకుని సెప్పండి. పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు, ముందు కూకోండి.”

“అరె, అరె! ఆ నవ్వు! అమ్మా, అదే నవ్వు కావాలి మాకు! అయితే ఒప్పుకున్నట్టేనా?”

“ఆడిషన్ కాడ నేదు, కాదు అనకూడదంట సార్. ఎస్ సార్. నడువు, సంతకాలెట్టీసి వద్దారి… నిన్నే, అన్నయ్యా!”