కొండకొమ్ము మీద పిలుపు

మోటార్ల మేస్త్రీ షాపు ముందు సాయంత్రం చేరేవాళ్లకు టీ ఎంత వేడిగా ఉండాలో ఆయన కోతలూ అంత వేడిగా ఉండాలి. ఆ రోజు ఆయన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ పేరుమోసిన నల్లరాతి కొండకొమ్మును చూసొచ్చిన సంగతి ఎత్తుకున్నాడు. లోపల ఆయన భార్య ఫ్యాను మోటారుకు రాగితీగ చుడుతోంది.

“చుట్టూ పక్షుల అభయారణ్యమే కదా, గేటు దగ్గర గార్డు ‘పొగమంచు పట్టింది, కంచె దాటొద్దు సార్’ అన్నాడు. మనం ఆగే రకమా? కంచె దాటి నాలుగడుగులు వేశానో లేదో, అన్ని వేల పక్షులూ ఒక్కసారిగా నోరు మూసేశాయి. సముద్రం కూడా! అల లేచింది, విరిగింది, చప్పుడు మాత్రం లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“జ్వరం వచ్చిందా?” అన్నాడు టైలరు.

“నా నీడ లేచి నడిచింది! ఎండే లేదు, నీడెక్కడిదంటావా? నేనూ అదే అనుకున్నాను. నన్నొదిలేసి కొన వైపు చకచకా పోతోంది. పరిగెత్తి జుట్టు పట్టుకున్నాను. చేతికి తడిగా, చల్లగా తగిలింది. తీరా చూస్తే అంచున ఇంకా బోలెడు నీడలు, అక్కడ జారిపోయినవాళ్లవి, వరసగా కూర్చుని నా వైపే చూస్తున్నాయి. ఒక్కొక్కదాన్నీ రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చుకొచ్చాను. ఆఖరిదైతే నా కాళ్లు పట్టుకుని ఏడ్చిందనుకో!”

ఆటోడ్రైవరు చేతిలో గ్లాసు ఆగిపోయింది. మేస్త్రీ ఛాతీ పొంగింది.

“కావాలంటే మా ఆవిడనే అడగండి. ఏమేవ్, చెప్పు!”

ఆమె తీగ తెంపి బయటికొచ్చింది.

“ఈయన గేటే దాటలేదు. పొగమంచు చూసి జడుసుకుని, నా హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని గార్డు పక్కన బెంచీ మీద కూర్చున్నారు. కంచె దాకా వెళ్లింది నేను.”

అందరూ గొల్లుమన్నారు. మేస్త్రీ కూడా నవ్వబోయాడు. ఆమె మాత్రం నవ్వలేదు.

“కంచె అవతల నుంచి ఈయన గొంతు వినిపించింది. ఇటు రా, మెల్లగా రా అని. అచ్చం ఈయన గొంతే. కంచె మీద కాలు కూడా వేశాను.”

“మరి?” అన్నాడు ఆటోడ్రైవరు.

“ఆ గొంతు నన్ను పేరు పెట్టి పిలిచింది. ఎంతో ముద్దుగా. పెళ్లయి ఇన్నేళ్లలో ఈయన నన్ను పేరు పెట్టి పిలిచిందే లేదు. అందుకే కాలు వెనక్కి తీసుకున్నాను.”

ఆమె లోపలికెళ్లి మళ్లీ తీగ అందుకుంది. నవ్వులు ఎక్కడివక్కడే చల్లారిపోయాయి. మేస్త్రీ లేచి ఆమె వెనకే వెళ్లాడు. ఎన్నడూ లేనిది, ఆమెను పేరుతో పిలవాలనిపించింది. నోరు తెరిచాడు. ఆ పిలుపు విని ఆమె తనను ఎవరనుకుంటుందో తట్టగానే నోరు మూసుకున్నాడు. పక్కన కూలబడి, తీగచుట్ట పట్టుకున్నాడు.