బాపు నన్ను మంచం మీద నుంచి లాగిన పొద్దు

నా పేరు గుండేటి జైపాల్. తండ్రి పేరు రాజం. వయసు ముప్పై మూడేళ్లు. ఇంటర్ వరకు చదివాను. బొగ్గు గనిలో జనరల్ మజ్దూర్‌గా పనిచేస్తున్నాను. గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో మా బాపు, నన్ను కన్న మా అవ్వ పూలమ్మ, నా భార్య అనసూర్య, మా పాపతో కలిసి ఉంటాను. ప్రస్తుతం కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖాన రెండో అంతస్తులో, మంచం మీద పడుకొని ఈ మాటలు చెబుతున్నాను. మెడకు పట్టీ ఉంది కాబట్టి తల తిప్పలేను. మీ వైపు చూడకుండా పైకప్పును చూస్తూ మాట్లాడుతున్నానని ఏమీ అనుకోవద్దు.

మా బాపు తనంతట తానే మీ పోలీసు స్టేషనుకు వచ్చి, కొడుకు మెడ విరగ్గొట్టానని చెప్పాడని మీరు అన్నారు. మీరు చెప్పేదాకా నాకు ఆ సంగతి తెలియదు. బాత్రూంలో జారిపడ్డానని చెప్పమని అవ్వ నన్ను బతిమాలింది. నేను జారిపడలేదు. జరిగింది జరిగినట్టే చెబుతాను.

మా బాపు గనిలో బొగ్గు నింపిన టబ్బులు నెట్టేవాడు. చూపు తగ్గి అన్‌ఫిట్ అయ్యాడు. వారసుడిగా ఆయన నౌకరి నాకు వచ్చింది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. నౌకరి రాకముందు నుంచే నాకు నడుము కింద, పిరుదుల దగ్గర నొప్పి ఉండేది. పగలు అంతగా తెలిసేది కాదు. తెల్లవారుజామున ఆ నొప్పికే మెలకువ వచ్చేది. లేద్దామంటే వీపంతా కర్ర కట్టినట్టు ఉండేది. పక్కకు ఒరిగి, మోచేతి మీద బరువు వేసి, మంచం పట్టె పట్టుకొని లేవాలి. వేడినీళ్లు పోసుకొని వాకిట్లో అటూ ఇటూ తిరిగితే గంట, గంటన్నరకు పట్టు వదిలేది. పని చేస్తుంటే ఇంకా తగ్గేది. పడుకుంటే మళ్లీ వచ్చేది.

నాకు ఎక్కువగా పొద్దుటి షిఫ్టు పడేది. తోటివాళ్లను అడిగి రెండో షిఫ్టుకు మార్చుకునేవాణ్ణి. మార్చుకోవడం కుదరని రోజు డ్యూటీ ఎగ్గొట్టేవాణ్ణి. హాజరు మస్టర్లు తగ్గుతున్నాయని, ఇట్లయితే నౌకరి ఉండదని గని మీద రెండుసార్లు చెప్పారు. సాయంత్రం మాత్రం క్వార్టర్ల పక్క గ్రౌండులో వాలీబాల్ ఆడేవాణ్ణి. ఆడినప్పుడే నాకు ఒళ్లు తేలికగా ఉండేది. మా బాపు గ్రౌండు గోడ దగ్గర నిలబడి చూసేవాడు. సాయంత్రం ఎగిరేవాణ్ణి చూసి, పొద్దున లేవనివాణ్ణి చూసి, నాది సోమరితనం అనుకున్నాడు. ఆయన ఒక్కడే కాదు, అనసూర్య కూడా కొన్నాళ్లు అట్లే అనుకుంది. నిజం చెప్పాలంటే నేనూ కొన్నిసార్లు అట్లే అనుకున్నాను. నొప్పి నిజమైతే మధ్యాహ్నానికి ఎటు పోతుందని నన్ను నేనే అడుక్కునేవాణ్ణి. మెడికల్ షాపులో గోళీలు కొనుక్కొని మింగేవాణ్ణి.

నాలుగేళ్ల కింద నా కుడి కన్ను ఎర్రబడింది. వెలుగు చూడలేకపోయాను. మా బాపే నన్ను మంచిర్యాలలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు కన్నంతా చూసి, చుక్కల మందు రాసి, పొద్దున పూట నడుము పట్టేస్తుందా అని అడిగారు. పక్కన మా బాపు కూర్చొని ఉన్నాడు. ఆయన ముందు నడుము మాట ఎత్తడం నాకు ఇష్టం లేకపోయింది. లేదు సార్ అన్నాను. డాక్టరు ఇంకేమీ అడగలేదు. కన్ను తగ్గింది. ఇప్పుడు ఇక్కడ పడుకొని ఆ ఒక్క మాట గురించే ఎక్కువ ఆలోచిస్తున్నాను. లేదు సార్ అన్నాను. ఉంది సార్ అని ఉండవలసింది.

గత నెల ఒక మంగళవారం నాకు పొద్దుటి షిఫ్టు. మార్చుకుందామంటే ఎవరూ దొరకలేదు. ఆరు కావస్తోంది. అనసూర్య వంటింట్లో నీళ్లు కాగబెడుతోంది. మా బాపు గదిలోకి వచ్చాడు. అంతకుముందు రోజు గని మీద ఎవరో ఆయనతో, ఈ నెల కూడా ఇట్లయితే మీ వాని నౌకరి పోయినట్టే అన్నారట. అది నాకు తర్వాత తెలిసింది.

"లే. టైం అయితాంది," అన్నాడు.

"జరసేపు ఆగు బాపూ. మెల్లగ లేస్త," అన్నాను.

"పొద్దుమీకి గ్రౌండుల ఎగురుతవు. పొద్దుగాల లేవరాదా? నాకు లేదా నడుం నొప్పి? ఇన్నేండ్లు నేను లేవలేదా, డ్యూటీకి పోలేదా?"

ఇట్లా అని నా రెండు చేతులూ పట్టుకొని లాగాడు. కొట్టలేదు. తిట్టలేదు. లేపడానికే లాగాడు. నా వీపు వంగదు కదా, కూర్చోలేక మంచం మీద నుంచి పక్కకు జారాను. మెడ వెనుక భాగం మంచం పట్టెకు తగిలింది. ఎండుపుల్ల విరిగిన చప్పుడు నాకు లోపల వినబడింది. చేతుల్లో మంట పుట్టింది. ఆ తర్వాత చేతులు, కాళ్లు నావి కానట్టు అయిపోయాయి.

"నాటకాలు బంద్ చెయ్యి," అన్నాడు మా బాపు.

అనసూర్య చెంబుతో వచ్చి నా చేయి ఎత్తి చూసింది. వదిలితే కింద పడిపోయింది. అప్పుడు ఆయన నేల మీద కూర్చొని నా తలను కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. గనిలో పైకప్పు కూలి దెబ్బ తిన్నవాళ్లను అట్లా పట్టుకోవాలని ఆయనకు తెలుసు. అంబులెన్స్ వచ్చేదాకా వదలలేదు. నా తల కదలనియ్యలేదు. అట్లా పట్టుకోకపోతే ప్రాణం పోయేదని డాక్టర్లు అన్నారు. ఇది తప్పకుండా రాయండి.

ఇక్కడికి తెచ్చి ఆపరేషన్ చేసి మెడలో రాడ్లు వేశారు. కాళ్లలో కదలిక వచ్చింది. ఎడమ చేయి కొంచెం లేస్తుంది. కుడి చేయి ఇంకా రాలేదు. స్కానింగ్ చూసి కీళ్లవాతం డాక్టరమ్మను పిలిపించారు. ఆమె నాకు విడమరిచి చెప్పారు. ఒంటిని కాపాడవలసిన శక్తే తిరగబడి వెన్ను కీళ్లను వాచేటట్టు చేస్తుందట. ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు ఒకదానికొకటి అతుక్కొని వెన్నంతా వెదురు బొంగు లెక్క అవుతుందట. అది చూడడానికి గట్టిగా ఉంటుంది, చిన్న దెబ్బకే విరుగుతుంది. మామూలు మెడ అయితే ఆ దెబ్బకు వాచి ఊరుకునేదట. పొద్దున లేవలేకపోవడం, మెసిలితే తగ్గడం, కన్ను ఎర్రబడడం ఈ జబ్బు ఆనవాళ్లేనని అన్నారు. మొదట్లోనే వచ్చి ఉంటే గోళీలు, ఇంజెక్షన్లు, వ్యాయామంతో చాలావరకు ఆపగలిగేవాళ్లమని అన్నారు. నేను ఆడిన వాలీబాల్ నాకు మంచే చేసిందట.

అప్పుడు మా బాపు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన వంగి ఉంటాడు, మీరూ చూసి ఉంటారు. డాక్టరమ్మ ఆయనను లోపలికి పిలిచి గోడకు మడమలు ఆనించి నిలబడమన్నారు. నిలబడ్డాడు. తల గోడకు ఆనించమన్నారు. ఆనలేదు. గోడకూ తలకూ మధ్య జానెడు సందు మిగిలిందని అనసూర్య తర్వాత చెప్పింది.

"టబ్బులు నూకి నూకి వంగిన మేడం," అన్నాడు.

పొద్దున పూట ఎట్లా ఉండేదని ఆమె అడిగారు. పెళ్లికి ముందు నుంచే తెల్లవారుజామున నిద్ర పట్టేది కాదని, లేచి సైరన్ కూసేదాకా వాకిట్లో నడిచేవాణ్ణని చెప్పాడు. కళ్లు కూడా చాలాసార్లు ఎర్రబడ్డాయని, కంట్లో చనుబాలు పోయించుకుంటే తగ్గేదని చెప్పాడు. ఆయన చూపు కూడా ఈ జబ్బుతోనే పోయి ఉంటుందని, ఇది కొన్ని ఇళ్లలో రక్తసంబంధంగా వస్తుందని ఆమె అన్నారు.

"మరి ఎవరికీ చెప్పలేదా?" అని అడిగారు.

మా బాపు, "అందరికి గట్లనే ఉంటదనుకున్న మేడం. అందరు లేస్తున్నరు గద అని నేను లేసిన," అన్నాడు.

ఆయన వాకిట్లో నడిచే చప్పుడు చిన్నప్పటి నుంచి నేను విన్నాను. డ్యూటీ మీద శ్రద్ధ అనుకున్నాను. ఎందుకు నడుస్తున్నావని ఒక్కరోజు అడగలేదు. నా నొప్పి ఆయన నమ్మలేదని ఇన్నేళ్లు కోపం పెట్టుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే నొప్పితో, ఇద్దరం ఒకరికొకరు చెప్పుకోలేదు.

ఆ రోజు నుంచి ఆయన వార్డులోకి రాలేదు. కింద మెట్ల దగ్గర కూర్చుంటున్నాడని అనసూర్య చెప్పింది. నేను పిలవమన్నా రాలేదు. ఇప్పుడు మీ దగ్గరికి వచ్చి శిక్ష అడిగాడని తెలిసింది. ఆయన లాగింది నిజం. నేను పడింది నిజం. నా మెడ లోపల ఎట్లా ఉందో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. కేసు సంగతి మీ చట్టం ప్రకారం చూసుకోండి, ఈ మాట మాత్రం అందులో ఉండాలి.

ఒక్క విన్నపం ఉంది సార్. డాక్టరమ్మ ఆయనకు కూడా మందులు రాశారు. పోయిన చూపు రాదు గాని, నొప్పి తగ్గుతుందని, పొద్దున పూట సుఖంగా ఉంటుందని అన్నారు. ఆయన వేసుకోవడం లేదు. నా కొడుకు మంచంల పడ్డంక నాకెందుకు సుఖం అంటున్నాడట. నా మాట వినడు, అవ్వ మాట వినడు. ఖాకీ బట్టలంటే ఆయనకు భయమూ ఉంది, గౌరవమూ ఉంది. ఇప్పుడూ మెట్ల దగ్గరే ఉన్నాడట, మీరు కిందికి పోయేటప్పుడు ఆగి, గోళీ వేసుకొమ్మని ఆయనకు చెప్పండి. నేను చెప్పమన్నానని చెప్పండి.

నేను తెలివితో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పింది ఇదే. రాసినదంతా డ్యూటీ డాక్టరు ముందు నాకు చదివి వినిపించారు, నేను అన్నట్టే ఉంది. సంతకం చేయడం వచ్చినవాణ్ణే గాని కుడి చేయి లేవనందున నా భార్య పట్టుకోగా ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)
గుండేటి జైపాల్