పైపొర కింద

ఆత్మకూరు బస్టాండులో నెల్లూరు బస్సు కదలబోతుంటే, సీతారామపురం పెద్దాయన బెంచీ మీదనుంచి లేవనన్నాడు. కూతురు సంచీ కింద పెట్టి పక్కన కూర్చుంది.

"కడుపులోంచి ముక్క తీసి చూసినారు గదా పాపా. క్యాన్సరు కనపడలేదని రాసిచ్చినారు. ఇంక నెల్లూరెందుకు?"

"స్కానింగులో గడ్డ ఉండాది నాయనా. అట్టాంటిది వేలల్లో ఒకరికొస్తదంట. కడుపు పైపొర కింద దాక్కోనుంటదంట. వాళ్లు గిల్లింది పైపొరనే. లోపలికి సూది దించి చూస్తేగానీ తేలదన్నాడు డాక్టరు."

"గడ్డేంది! చిన్నప్పుడు మింగిన సీతాఫలం గింజ ఇప్పటికి కాయ కాసింది. పండినాక నీకే ఇస్తాలే."

"నవ్వులాటొద్దు. దొడ్డికి నల్లగా పోతా ఉండాదని అమ్మ చెప్పింది. అట్ట పోతే లోపల నెత్తురు కారతా ఉండొచ్చంట. డాక్టరుతో చెప్పినావా?"

"మీ అమ్మకు చత్వారం."

"నలభై ఏళ్లు బావులు తవ్వినావే, పదడుగులకు తడి తగలకపోతే నీళ్లు లేవని వదిలేసినావా?"

"ఎట్ట వదిలేస్తా? బండ పగలగొట్టి దిగినా. జల బండ కిందనే పడింది."

"మరి వాళ్లు గీరింది పైమన్నే నాయనా."

కండక్టరు విజిలేశాడు. పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని మెల్లగా లేచాడు.

"నల్లగా పోబట్టి రెండు నెలలైంది. డాక్టరుతో నువ్వే చెప్పు పాపా. నేను చెబితే ఇదీ కతే అనుకుంటాడు."