నేను లేకుండా చూసిన ఎపిసోడ్లు

శుక్రవారం మధ్యాహ్నం. మలికిపురంలో శారోన్, కువైట్‌లో ఆమె మొగుడు జయప్రకాష్. ఆయనకి సెలవురోజు, ఈవిడకి ఒళ్ళుమంట. మాటలు ఫోన్లో నడుస్తున్నాయి.

“అది కాదండి, నేనడిగిందానికి చెప్పండి ముందు. ఆ లాయరమ్మ సీరియల్ చూసేరా, చూళ్ళేదా?”

“ఏ లాయరమ్మే?”

“అబ్బో, ఏ లాయరమ్మంట! నల్లకోటేసుకుని ఎపిసోడుకోసారి కోర్టు మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోతుందే, ఆ లాయరమ్మ.”

“దాని గొడవ ఇప్పుడెందుకు? బాబుకి క్యారేజీ పంపేవా?”

“పంపేను. మాట మార్చకండి. మొన్న నేనేం అన్నాను మీతో? లాయరమ్మది మొదలెడదామండీ, పక్కింటి కాంతంగారు బాగుందంటున్నారు అన్నానా, లేదా?”

“అన్నావు.”

“మీరేమన్నారు?”

“ఏమన్నానో గుర్తులేదు.”

“నాకుంది. మనకి నచ్చదులే, వద్దన్నారు. చూడకుండానే నచ్చదని ఎలా తెలిసిందండి?”

“ప్రోమో చూసేను.”

“ప్రోమో! నలభై ఎపిసోడ్ల ప్రోమో!”

“నలభై ఏంటి?”

“ఇక్కడ మన టీవీలో ఉన్న యాప్ మీ నంబరు మీదే కదండి. మీరక్కడ ఏం చూస్తే అది ఇక్కడ తెలిసిపోద్ది. నిన్న టీవీ పెట్టేసరికి పైవరసలో లాయరమ్మ నవ్వుతా కూర్చుంది. కింద ఎర్రగీత. నలభయ్యో ఎపిసోడ్ సగంలో ఆపేరు.”

“ఎవడో నొక్కుంటాడు. మా రూములో శివనాగరాజు గాడు నా ఫోన్ తీస్తుంటాడుగా.”

“ఆయన మీతోపాటే డ్యూటీకెళ్తారు గదా?”

“ఆయ్... వెళ్తాడు.”

“మరి పగలు చూసేదెవరండి?”

“పగలేంటి?”

“బాబుకి క్యారేజీ ఇచ్చొచ్చి చూస్తే ముప్పయ్యెనిమిదిలో ఉంది. దండెం మీద బట్టలు తీసొచ్చి చూస్తే ముప్పైతొమ్మిది. టీ పెట్టుకునేటప్పటికి నలభైకొచ్చింది. నేనక్కడే నుంచుని చూస్తుంటే ఆ గీత జరుగుతానే ఉందండి, పాకినట్టు. అది మీరు డ్యూటీలో ఉండే టైము. పట్టపగలు మీ రూములో కూర్చుని, మన యాప్‌లో సీరియల్ చూస్తున్న మనిషెవరు?”

“ఎవరూ లేరే.”

“ఆ కాట్రేనికోన అమ్మాయేనా?”

“ఏ అమ్మాయి?”

“ఏ లాయరమ్మ, ఏ అమ్మాయి! ఇవాళ మీకన్నీ ప్రశ్నలే. రమ్యశ్రీ. మీ వీధిలో షేకు గారింట్లో వంటచేసే రమ్యశ్రీ. చేపలపులుసు పంపిందని చెప్పేరు.”

“ఓరి దేవుడా! అది రూములో అందరికీ పంపిందే.”

“అందరికీ పంపింది. బాగుందని నాకు రెండుసార్లు చెప్పింది మాత్రం మీరు.”

“నీకు పిచ్చెక్కింది.”

“ఎక్కదా మరి? పెళ్ళయ్యేక మీరు నా పక్కన ఉన్నది ఎంతండి? సెలవుకొచ్చినప్పుడు ఉన్నదే. మిగతాదంతా ఫోనే. ఆ ఫోన్లోనైనా మనకేముంది? మన సీరియలే గదా! మీరక్కడ, నేనిక్కడ, ఫోన్లు చెవిన పెట్టుకుని ఒకటి, రెండు, మూడు అని ఒక్కసారే నొక్కేవాళ్ళం. మీకు నెట్ రాక గుండ్రంగా తిరుగుతా ఆగిపోతే నేనాపేదాన్ని. ఇక్కడ కరెంటు పోతే మీరాగేవారు. నా కాన్పప్పుడు నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఒక్క ఎపిసోడు కూడా ముందుకెళ్ళలేదు మీరు.”

“వెళ్ళలేదు, నిజమే.”

“చర్చిలో ఆడవాళ్ళందరూ మా ఆయన అది పంపేరు, ఇది పంపేరు అని చెప్పుకుంటుంటే, మా ఆయన నేను లేకుండా సీరియల్ చూడరండీ అని చెప్పుకునేదాన్ని. వాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వుకోండి అనుకునేదాన్ని.”

“శారోనూ, అసలు సంగతేంటంటే...”

“మన సీరియల్ అయిపోయిన రోజు ఇద్దరం ఏడ్చేం.”

“నువ్వేడ్చేవు.”

“మీ ముక్కు చప్పుడు నాకు వినబళ్ళేదా? ఆ రోజే గదా అన్నారు, పర్లేదే, ఇంకోటి వెతుక్కుందాం అని. ఆ పోలీసుది పెడితే అరుపులన్నారు. కవలపిల్లలది పెడితే నిద్రొస్తోందన్నారు. కాఫీతోటల వాళ్ళది నాకు ఎంత నచ్చిందో! రెండ్రోజులు చూసి తలనొప్పన్నారు. నేనొక పిచ్చిదాన్ని. పాపం, ఆయనకి పాతదాని మీద బెంగ తీరలేదు, అందుకే కొత్తవి పట్టట్లేదు అనుకున్నాను. బెంగా లేదు, పాడూ లేదు! కొత్త సీరియల్ దొరికింది, పక్కన కూర్చోడానికి కొత్త మనిషీ దొరికింది.”

“ఎవరూ లేరంటే వినవే?”

“లేకపోతే ఫోను తిప్పండి. వీడియో పెట్టండి.”

“కెమెరా బాలేదని చెప్పేను గదే.”

“ఇన్నాళ్ళ నించీ బాలేదు. బాగుచేయించుకోలేరా? మంచం మీద కూర్చుందా ఏంటి?”

“నోరు మంచిదవ్వాలి శారోన్.”

“మీ రూము మంచిదైతే నా నోరూ మంచిదవుద్ది. తిప్పండి.”

“ఇప్పుడొద్దే.”

“తిప్పకపోతే ఇప్పుడే శివనాగరాజు గారికి చేస్తాను.”

“చెయ్యకు. తిప్పుతున్నా. అరవకు.”

“అరవట్లేదు. తిప్పండి... ఏదీ? అదేంటండి, ఆ గడ్డమేంటి? జ్వరం తగిలిందా?”

“లేదు.”

“కళ్ళేంటి లోపలికెళ్ళిపోయేయి? ఫోను అటు తిప్పండి. అది కాదు, కిటికీ పక్క. మంచాలేంటండి అలా ఉన్నాయి? పరుపులేవి?”

“తీసుకెళ్ళిపోయేరు.”

“ఎవరు? శివనాగరాజు గారేరి?”

“ఇండియా వెళ్ళిపోయేడు. అందరూ వెళ్ళిపోయేరు. కంపెనీ మూసేసేరే. నెల దాటింది.”

“ఏంటండీ?”

“రూములో ఇంకెవరూ లేరు. నేనొక్కణ్ణే. రావాల్సింది ఇస్తామని తిప్పుతున్నారు. పొద్దున్న అలవాటుకొద్దీ మెలకువ వచ్చేస్తది. స్నానం చేసి చొక్కా తొడుక్కుంటాను. ఇంక ఎక్కడికెళ్ళాలో తెలీదు. అలాగే కూర్చుని ఆ లాయరమ్మని పెట్టుకుంటున్నా. ఏం జరుగుతోందో కూడా ఎక్కదే బుర్రకి. గదిలో మనుషుల గొంతులు వినబడతాయని.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఎలా చెప్పను? డ్యూటీ అయ్యిందాండీ అంటావు ఫోనెత్తగానే. ఆయ్ అనేస్తే ఆ పూట గడిచిపోయేది.”

“మరి కొత్తదేది పెడదామన్నా వద్దన్నారేంటి? అదైనా నాతో చూడొచ్చు గదా?”

“నీతో చూస్తుంటే చెప్పకుండా ఉండలేనే. కాఫీతోటల వాళ్ళది పెట్టేవు చూడు, అందులో వాడి పని పోయిందని పెళ్ళానికి చెప్తాడు. తలనొప్పని కట్టేసింది అందుకే.”

“నేను అప్పుడు తలకి ఏదైనా రాసుకోండి అన్నాను.”

“అన్నావు. రాసుకున్నాన్లే. కోపమా?”

“కోపం కాదండి. కుళ్ళు. మీ పని పోయిందని ఆ లాయరమ్మకి నెల్రోజుల నించీ తెలుసు. మీ గడ్డం పెరగడం అది చూసింది. మీరు అన్నం తినని పూట అది చూసింది. నాకేమో చేపలపులుసు బాగుందని చెప్పేరు. ఆడదెవరో ఉందంటే జుట్టు పట్టుకునేదాన్ని. టీవీలో ఉన్నదాన్ని నేనేం చెయ్యనండి?”

“ఏడవకే.”

“ఏడవట్లేదు. ఇంతకీ తింటన్నారా?”

“తింటన్నా. ఆ రమ్యశ్రీయే... కోప్పడతావేమో.”

“చెప్పండి.”

“ఆ అమ్మాయే డబ్బా పంపుతోంది మధ్యాహ్నం పూట. వాళ్ళ డ్రైవరు గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోతాడు.”

“ఆయ్... పంపనీండి. శారోన్ దణ్ణం పెట్టిందని చెప్పండి ఆ అమ్మాయికి.”

“చెప్తా. ఇంకో మాట. నాలా మిగిలిపోయినవాళ్ళందరం కలిసి ఎంబసీలో చెప్పుకుంటే టికెట్ ఇప్పించేరు. ఆదివారానికి. వచ్చేస్తున్నానే.”

“సెలవుకా?”

“సెలవేంటే? మొత్తానికే. సంతలో కొబ్బరికాయల కమిషన్ కొట్లో సత్యప్రసాద్ మావయ్య ఏదో పని చూస్తానన్నాడు. ఇంక ఏ దేశమూ వెళ్ళను.”

“మొత్తానికా...”

“ఏంటే, అలా అన్నావు? వచ్చేస్తున్నానంటే నచ్చలేదా?”

“అయ్యో, అవేం మాటలండి! వచ్చెయ్యండి. ముందు వచ్చెయ్యండి. ఆ రాకాసి గదిలో ఇంకొక్క పూట ఉండొద్దు.”

“మరి అలా ఉన్నావేంటి? మొహం ఇటు పెట్టు. ఏంటే?”

“ఏం లేదండి.”

“చెప్పు.”

“నవ్వుతారు మీరు.”

“నవ్వనే. చెప్పు.”

“భయమేస్తోందండి. రోజూ ఎదురుగా కూర్చునే మనిషితో ఏం మాట్లాడాలో నాకు తెలీదండి.”