పేరులేని రాయి

అనాథల జాబితాలో రాసి, ఎనిమిదో ఏట హాస్టల్ వాళ్లు ఆస్ట్రేలియా ఓడ ఎక్కించిన పిల్ల అరవై ఏళ్ల తర్వాత తిరిగొచ్చింది. సమాధుల పండుగ పూట, పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనుక శ్మశానంలో, పేరులేని రాయి ముందు కొవ్వొత్తి పట్టుకుని కూర్చుంది. అప్పటి హాస్టల్ ఆయాకు మాత్రం అగ్గిపెట్టె అందించడానికి చెయ్యి రాలేదు.

“ఇయ్యి ఆయమ్మా. అమ్మకు వెలిగిస్త.”

“వద్దు బిడ్డా. ఇది మీ అమ్మది కాదు.”

“ఓడ ఎక్కేముందు నువ్వే గద చూపించినవ్?”

“అమ్మ సచ్చిపోయిందంటెనే నువ్వు కదులుతవని హాస్టల్ దొరసాని గట్ల చెప్పమన్నది. చెప్పిన నోరు నాదే.”

“అంటే... అమ్మ బతికే ఉండెనా?”

“కరువుల సాకలేక నిన్ను హాస్టల్ల ఇడిచిపోయింది. కరువు పోయినంక తీస్కపోను వచ్చింది. కొత్త గౌను గూడ కుట్టించుకొచ్చింది.”

“ఏం చెప్పినవ్?”

ఆయా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

“జరమొచ్చి నువ్వే పోయినవని చెప్పిన.”

“నమ్మిందా?”

“నమ్మలే. యాడ బొందవెట్టిన్రో చూపియ్యమన్నది.”

“యాడ చూపించినవ్?”

“ఈడనే బిడ్డా. పాణమున్నన్ని దినాలు ఏటేటా గీ రాయి మీదనే నీకు కొవ్వొత్తి పెట్టింది. అగ్గిపెట్టె నేనే ఇచ్చేది.”