స్వామి ఎక్కిన కారు

కొడుకు శబరిమలకు బయలుదేరుతున్నాడు. మాల వేసుకున్నవాణ్ణి కన్నతల్లైనా స్వామీ అనే పిలవాలి. ఆవిడ నల్ల పంచెలు మడిచి సంచిలో పెడుతోంది.

"గురుస్వామి బస్సులో సీటుందంట కదా స్వామీ?"

"ఉందమ్మా. నేను సూరిబాబు కారులో వెళ్తాను."

"ఆ తాగుబోతుతోనా? ఒరేయ్, నీకేమన్నా మతిపోయిందా?"

"స్వామీ అనాలమ్మా."

"సరే. మతిపోయిందా స్వామీ?"

"వాడూ మాల వేసుకున్నాడు కదా."

"ఏం లాభం? మొన్న ఆ మాలతోనే బ్రాందీ షాపు ముందు నిలబడ్డాడంట!"

"నిలబడ్డాడు, లోపలికెళ్ళలేదు. నాకు ఫోన్ చేసి, నేనెళ్ళేదాకా అక్కడే ఏడుస్తూ కూర్చున్నాడు."

"మంచివాళ్ళతో తిరిగితే మంచి అబ్బుద్దని మీ నాన్నగారు అనేవారు. అందుకే బస్సెక్కమంటన్నాను."

"బస్సు నిండా మంచివాళ్ళేనమ్మా. మరి సూరిబాబుకి ఆ మంచి ఎలా అబ్బుద్ది? వాడి పక్కన ఎవరు కూర్చుంటారు?"

ఆవిడ ఆఖరి పంచె కూడా సంచిలో పెట్టింది.

"దారిలో తాగి నడిపితేనో?"

"బండి నేనే నడుపుతాను."

ఆవిడ సంచి జిప్పు లాగి చేతికిచ్చింది.

"వెళ్ళొస్తానని ఒక్క మాట చెప్పు నాయనా."

"శబరిమలకెళ్ళే స్వాములు ఆ మాట అనకూడదు. నీకు తెలుసు కదమ్మా."

"తెలుసు. అయినా చెప్పు."

అతను వంగి తల్లి కాళ్ళకు దణ్ణం పెట్టి, మాట్లాడకుండా గుమ్మం దిగాడు.

జనవరి పన్నెండున, తిరుగు ప్రయాణంలో, ఘాట్ రోడ్డు మీద ఆ కారును లారీ గుద్దింది. సూరిబాబు ఇంటికొచ్చాడు. ఆవిడ కొడుకు రాలేదు.